మూగ జీవుల నొప్పి

ఎద్దు పుండు నొప్పి కాకికేమి తెలుసునని మన పల్లెలలో ఒక సామెత కలదు. ఒకరి కష్టము మరియొకరికి పట్టదని చెప్పవలసి వచ్చినప్పుడు మనము ఈ ఎద్దును, కాకిని ఎరువు తెచ్చుకొనుచుందుము. కాని ఈ మాటను మొదట పలికినవాడు, మెడ మీద పుండుతో కాడి మోయు ఎద్దును కన్నులార చూచినవాడే అయి ఉండవలెను. ఆ పుండు మీద కాకి వాలుటయు, తోక అందక ఎద్దు తల విదుల్చుటయు అతడు చూచినాడు. ఎద్దుకు నొప్పి కలదా లేదా అను సందేహము అతనికి లేదు. ఆ సందేహము చదువుకొన్న వారికి కలిగినది. అది తీరుటకు చాల కాలము పట్టినది.

విశాఖపట్నమున మేమెరిగిన ఇండ్లలో నేడు కుక్క లేదా పిల్లి లేని ఇల్లు తక్కువ. కుక్కకు పది పన్నెండేండ్లు వచ్చును. ఒకనాటి ఉదయము అది మెట్లు ఎక్కలేక క్రిందనే నిలిచిపోవును. వెంటనే ఇంట సలహాలు మొదలగును. పశువుల ఆసుపత్రికి తీసుకొనిపొమ్మని ఒకరందురు. ఆ సూదిమందులు కాలేయమును చెరచును, ఆకుపసరు మేలని ఇంకొకరందురు. తియ్యని మాత్రలు వేయుమని మూడవవారు, చైనావారి సూదులు గుచ్చించుమని నాల్గవవారు చెప్పుదురు. ఇందులో ఏది నిజము? రెండు మూడు వైద్యములను కలిపి నడుపవచ్చునా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పుటకు ముందు, మూగ జీవుల నొప్పిని మన పెద్దలు, పరదేశపు పెద్దలు ఎట్లు చూచినారో కొంత తెలిసికొనుట మంచిది.

మన తీరము వెంట ఉత్తరముగా పోయినచో గంజాం జిల్లాలో జౌగడ యను చోట ఒక పెద్ద బండ కలదు. కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి వద్ద అట్టి బండలే మరికొన్ని కలవు. క్రీస్తు పూర్వము మూడవ శతాబ్దమున అశోకుడు వాని మీద తన ఆజ్ఞలను చెక్కించినాడు. వానిలో రెండవ శాసనము వైద్యమునకు సంబంధించినది. తన రాజ్యమునందును, పొరుగు రాజ్యములందును రెండు విధములైన చికిత్సలను ఏర్పాటు చేసితినని, అందొకటి మనుష్యులకు, రెండవది పశువులకు అని ఆ రాజు చెప్పుచున్నాడు. ఓషధులు లేనిచోటికి వానిని తెప్పించి నాటించితిననియు అందు కలదు. కళింగ యుద్ధములో నలిగిన నేల మీదనే ఈ మాట చెక్కబడుట గమనింపదగినది. ఆ యుద్ధమున గాయపడినవి మనుష్యులు మాత్రమే కావు. ఏనుగులును, గుఱ్ఱములును గాయపడినవి.

ఏనుగుల వైద్యమునకు పాలకాప్యుని పేర హస్త్యాయుర్వేదము, గుఱ్ఱముల వైద్యమునకు శాలిహోత్రుని పేర అశ్వశాస్త్రము మన దేశమున వెలసినవి. తెలుగువారు ఈ విద్యను సంస్కృతములోనే వదలిపెట్టలేదు. మనుమంచిభట్టు హయలక్షణ విలాసమును తెలుగు పద్యములలో వ్రాసినాడు. రాజులకు గుఱ్ఱము కావలెను గనుక గుఱ్ఱపు వైద్యము పద్యమెక్కినది. ఎద్దు వైద్యము మాత్రము రైతు నోటనే నిలిచినది. దానిని వ్రాసినవారు తక్కువ, చేసినవారు ఎక్కువ.

ఆ రైతు వైద్యములో ఏమున్నది? వాచిన కాలికి వావిలాకు వేసి కాచిన నీళ్ళతో కాపడము పెట్టుట ఉన్నది. ఎముక విరిగినచోట నల్లేరు నూరి, వెదురు బద్దలతో కట్టు కట్టుట ఉన్నది. గాయమునకు పసుపు, వేపనూనె ఉన్నవి. వీనితోబాటు వాత కూడ ఉన్నది. కుంటుచున్న ఎద్దును నలుగురు పట్టి పడవేసి, కాల్చిన ఇనుప కడ్డీతో భుజము మీదనో తొడ మీదనో గీతలు పెట్టుదురు. మా చిన్ననాట వాతల చారలు లేని ముసలి ఎద్దును చూచుట అరుదు. పెట్టినవాడు క్రూరుడు కాడు. తన బ్రతుకంతయు ఆ ఎద్దు మీదనే ఆధారపడి ఉన్నదని ఎరిగినవాడు. అతనికి తెలిసిన మందు అది.

ఈ వైద్యములన్నియు ఒక్క మూటలోనివే. అయినను అన్నిటి విలువ ఒకటి కాదు. వేడి కాపడము బిగిసిన కండరమును సడలించునని నేటి శాస్త్రము ఒప్పుకొనుచున్నది. నల్లేరును గూర్చి 1960 ప్రాంతమున కాశీ హిందూ విశ్వవిద్యాలయమున ఉడుప, ప్రసాద్ అను వైద్యులు జంతువులపై పరీక్షలు జరిపి, విరిగిన ఎముక అతుకుకొనుటకు అది తోడ్పడుచున్నట్లు ప్రకటించినారు. పసుపులోని కర్కుమినుకు వాపును తగ్గించు గుణము ప్రయోగశాలలో కనబడినది. కాని తినిపించిన పసుపులో రక్తమునకు చేరునది బహు స్వల్పము. ఇక వాత సంగతి వేరు. దానిని గూర్చి ఒక చిత్రమైన కథ కలదు.

ఇంగ్లీషువారు ఈ దేశమునకు పశువైద్యమును తెచ్చినప్పుడు రైతు వాతను అనాగరికమని ఎగతాళి చేసినవారు కలరు. అయితే వారి దేశమున పందెపు గుఱ్ఱముల కాళ్ళ నరములు చెడినప్పుడు వారు చేసినదేమి? ఇనుము కాల్చి ఆ కాలి మీద వరుసగా వాతలు పెట్టినారు. దానికి వారి గ్రంథములలో అధ్యాయములు కలవు, దానికై ప్రత్యేకముగా చేయించిన పనిముట్లు కలవు. ఇరువదవ శతాబ్దము చివరి వరకు ఆ పద్ధతి అచ్చట నిలిచినది. 1983లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయమున సిల్వర్ అను శాస్త్రజ్ఞుడును, ఆయన తోడివారును గుఱ్ఱములపై జరిపిన పరిశోధనను ప్రచురించి, వాత వలన గాయము త్వరగా మానుట లేదని తేల్చినారు. వాత పెట్టిన గుఱ్ఱమునకు నెలల తరబడి విశ్రాంతి ఇచ్చెడివారు. మేలు చేసినది ఆ విశ్రాంతియే. మన ఎద్దు కథయు ఇంతే. వాత పెట్టిన తరువాత కొన్ని నాళ్ళు దానిని కాడికి కట్టరు. కొత్త నొప్పి పాత నొప్పిని కొంతసేపు మరుగుపరచును, విశ్రాంతి పాత నొప్పిని మాన్పును, పేరు మాత్రము వాతకు దక్కును.

దీనినిబట్టి ఒక సంగతి స్పష్టమగుచున్నది. తప్పు తూర్పుదియు కాదు, పడమటిదియు కాదు. పరీక్షింపక నమ్ముట తప్పు. విశ్వవిద్యాలయపు ముద్ర ఉన్నంత మాత్రమున వాత మందు కాలేదు. అట్లే పల్లె నుండి వచ్చినంత మాత్రమున కాపడము మూఢాచారము కాలేదు.

మన పట్టణపు చరిత్రలోనికి వత్తము. 1893లో వాల్తేరునకు రైలు వచ్చినది. 1933లో రేవు తెరువబడినది. లారీలు రాకముందు బస్తాలను, కలపను, రాళ్ళను మోసినవి ఎడ్లబండ్లే. ఏటవాలు దారులలో బరువు బండిని నిలువరించు భారమంతయు ఎద్దు మెడ మీదనే పడును. కాడి క్రింద మెడ వాచుట, చర్మము ఒరిసి పుండగుట, నాడా ఊడి గిట్ట పగులుట వానికి నిత్యమైన బాధలు. మద్రాసులో 1903లో పశువైద్య కళాశాల ఏర్పడినది. ఆంధ్రదేశమున తిరుపతి కళాశాల 1955 నాటిది. తొలి తరముల పశువైద్యులకు ముఖ్యమైన శత్రువు నొప్పి కాదు. అది ముసర వ్యాధి. ఊరికి ఊరే పశువులను పోగొట్టుకొను కాలమున, కుంటు ఎద్దు నొప్పిని గూర్చి ఆలోచించు తీరిక ఎవరికి కలదు? టీకాలతో ఆ వ్యాధిని వెనుకకు తరిమి, 2011లో లోకమున అది లేకుండ పోయినదని ప్రకటింపగలిగినారు. ఆ విజయమును తక్కువ చేయరాదు. అయితే నొప్పి వంతు ఆలస్యముగా వచ్చినది.

నొప్పి తెలియనీయని మత్తుమందు మనుష్యులకు 1846లో ఈథరు రూపమున, 1847లో క్లోరోఫారము రూపమున లభించినది. ఈ క్లోరోఫారము చరిత్రలో మన హైదరాబాదునకు పెద్ద స్థానము కలదు. మత్తులో ఉన్న రోగి హఠాత్తుగా మరణించుచుండుట లోకమంతట వైద్యులను కలవరపెట్టినది. ముందు ఆగునది గుండెయా, ఊపిరియా అనునది వాదము. హైదరాబాదు వైద్య పాఠశాలకు అధిపతియైన ఎడ్వర్డ్ లారీ ముందు ఆగునది ఊపిరియే అని నమ్మినాడు. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ సాయముతో 1888లో ఒక సంఘము, 1889లో మరియొక సంఘము కూర్చుండి పరీక్షలు జరిపినవి. లండనులోని లాన్సెట్ పత్రిక పక్షమున లాడర్ బ్రంటన్ అను ప్రసిద్ధ వైద్యుడు హైదరాబాదునకు వచ్చినాడు. ఆ నగరమున మత్తుమందు ఇచ్చుటలో పేరుపొందిన రూపాబాయి ఫర్దూన్జీ అను వైద్యురాలు ఆ కాలము వారే.

ఆ పరీక్షలు జరిగినది ఎవరి మీద? అధిక భాగము కుక్కల మీద. వందల కొలది జంతువులు ఆ సంఘముల చేతులలో ప్రాణములు విడిచినవి. లారీ మాటయే నిజమని రెండవ సంఘము తేల్చినది. అయితే 1911లో గుడ్‌మన్ లెవీ అను ఆంగ్ల వైద్యుడు, మత్తు తేలికగా ఉన్నప్పుడు క్లోరోఫారము గుండెనే అదురజేసి ఆపగలదని నిరూపించినాడు. అనగా హైదరాబాదు తీర్పు పూర్తిగా నిజము కాదు. మనుష్యుని నొప్పి తీర్చుటకు కుక్క ప్రాణము ఇచ్చినది. ఆ త్యాగము కుక్క కోరి చేసినది కాదు. కుక్కలకు శస్త్రచికిత్సలో మత్తు ఇచ్చుట అలవాటయిన తరువాత కూడ, చికిత్స ముగిసి మేల్కొన్న కుక్కకు నొప్పి మందు ఇచ్చు వాడుక చాల దశాబ్దముల వరకు ఏర్పడలేదు. నొప్పి ఉన్నచో అది కదలక పడియుండును, కుట్లు తెగవు అని వాదించిన వైద్యులు ఇరువదవ శతాబ్దపు చివరి భాగమునందును కలరు.

ఇట్టి వాదమునకు వెనుక ఒక తత్త్వము కలదు. పదునేడవ శతాబ్దమున ఫ్రెంచి తాత్త్వికుడు డెకార్టు జంతువులను యంత్రములతో పోల్చినాడు. ఆయనను అనుసరించిన కొందరు కుక్క అరపును గడియారపు గంటవలె భావించినారు. 1789లో ఇంగ్లీషు పండితుడు బెంథాం దీనికి ఎదురు చెప్పినాడు. జంతువు ఆలోచింపగలదా, మాటలాడగలదా అని కాక, బాధపడగలదా అని అడుగవలెనని ఆయన వాదము. అటు తరువాత చాల కాలమునకు, 2020లో, నొప్పిని గూర్చి పరిశోధించు అంతర్జాతీయ సంఘము తన నిర్వచనమును సవరించుచు, మాటతో చెప్పలేకపోయినంత మాత్రమున మనిషికి గాని, ఇతర జంతువునకు గాని నొప్పి లేదనరాదని స్పష్టముగా వ్రాసినది. మన సామెతను పుట్టించిన రైతు ఎప్పుడో ఎరిగిన సంగతిని పండితులు ఇట్లు కాగితము మీద పెట్టినారు.

నొప్పి కలదని ఒప్పుకొన్న తరువాత మందులు త్వరగా వచ్చినవి. వాపును, నొప్పిని తగ్గించు డైక్లోఫెనాక్ 1990 తరువాత మన దేశమున పశువులకు విరివిగా వాడబడినది. వెల తక్కువ, గుణము తొందర. కుంటు ఎద్దు మరునాడే నడిచెడిది. రైతు సంతోషించినాడు. ఆ సంతోషము వెనుక ఎవరును ఊహింపని నష్టము జరిగిపోయినది. మందు పుచ్చుకొన్న పశువు కొద్ది దినములలో చనిపోయినచో, ఆ కళేబరమును తిన్న రాబందుకు మూత్రపిండములు చెడి అదియును చచ్చినది. 2004లో లిండ్సే ఓక్స్, ఆయన తోడి పరిశోధకులు పాకిస్తానులో ఈ కారణమును కనిపెట్టినారు. అప్పటికి మన దేశపు రాబందులలో తెల్లవీపు జాతి దాదాపు నశించినది. 1992 నుండి 2007 లోపల నూటికి తొంబది తొమ్మిదికి మించి తరిగిపోయినవి. 2006లో పశువులకు డైక్లోఫెనాక్ వాడుటను ప్రభుత్వము నిషేధించినది. రాబందుకు హాని చేయని మెలాక్సికాం అను మందు ఉన్నదని ఆ ఏడే పరీక్షలలో తేలినది. మనుష్యుల కొరకు చేయు పెద్ద సీసాలు పశువులకు మళ్ళుచుండుట చూచి, 2015లో ఆ సూదిమందు సీసాను 3 మిల్లీలీటర్లకు మించరాదని కట్టడి చేసినారు. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ అను మందులను, 2024 చివర నిమెసులైడును పశువులకు నిషేధించినారు. తెలంగాణమున బెజ్జూరు అడవులలోని పాలరాపు గుట్ట మీద 2013లో కొన్ని రాబందులు గూళ్ళు కట్టియుండుట కనబడినప్పుడు, ఒకప్పుడు ప్రతి ఊరి పొలిమేరలో కనబడిన పక్షిని చూచి జనము ఆశ్చర్యపడవలసి వచ్చినది.

ఎద్దు పుండు నొప్పి కాకికి తెలియకపోవచ్చును. ఎద్దు నొప్పికి ఇచ్చిన మందు మాత్రము రాబందునకు తెలిసినది. మందు పనిచేయుచున్నదని మాత్రమే చూచుట చాలదు, అది ఇంకెక్కడికి పోవుచున్నదో కూడ చూడవలెనని ఈ కథ నేర్పుచున్నది.

ఇట్టి అనుభవముల వలన కొందరు రసాయనిక మందులన్నిటి మీద విరక్తి చెంది ఇతర వైద్యముల వైపు తిరిగినారు. వానిలో చైనావారి సూదుల చికిత్స ప్రధానమైనది. పశువులకు సూదులు గుచ్చు వైద్యుల అంతర్జాతీయ సంఘము 1974లో ఏర్పడినది. సూది నొప్పిని ఎట్లు తగ్గించునని అడిగినచో రెండు సమాధానములు కలవు. 1965లో మెల్జాక్, వాల్ అను శాస్త్రజ్ఞులు వెన్నుపాములో నొప్పికి ఒక ద్వారము వంటిది కలదని, స్పర్శ, ఒత్తిడి మొదలగు ఇతర సంకేతములు ఆ ద్వారమును కొంత మూయగలవని ప్రతిపాదించినారు. మోకాలు తగిలినప్పుడు మనము వెంటనే చేతితో రుద్దుకొనుటలోని రహస్యము ఇదియే. రెండవది, శరీరము తనలోనే నల్లమందు వంటి పదార్థములను పుట్టించుకొనుననియు, సూది గ్రుచ్చినప్పుడు అవి వెలువడుననియు తరువాతి పరిశోధనలు సూచించినవి.

సిద్ధాంతము బాగున్నది. అనుభవమేమని పరీక్షించిన వారున్నారు. 2006లో హబాకర్, పిట్లర్, ఎర్నెస్ట్ అను పరిశోధకులు అప్పటివరకు జంతువులపై జరిగిన సూదుల పరీక్షలన్నిటిని జల్లెడ పట్టి, ఈ చికిత్సను గట్టిగా సిఫారసు చేయుటకు గాని, త్రోసివేయుటకు గాని తగిన ఆధారము లేదని వ్రాసినారు. వెన్నుపూస జారిన కుక్కలలో సూదులకు విద్యుత్తు కలిపి వాడినప్పుడు మేలు కనబడినదని చెప్పు పరీక్షలు కొన్ని కలవు. కనుక తెలిసిన పశువైద్యుని చేత, ఇతర మందులతోబాటు, సూదులు గుచ్చించుకొనుట తప్పు కాదు. మందులు మాని సూదులనే నమ్ముకొనుట మాత్రము తగదు. తియ్యని మాత్రల విషయమున ఇంత మాట కూడ చెప్పలేము. నొప్పిని తగ్గించుటలో అవి ఉత్త చక్కెర మాత్రలకన్న మిన్న అని నమ్మదగిన పరీక్షలలో రుజువు కాలేదు.

మా కుక్కకు ఆ మాత్రలతోనే నయమైనదని మీలో కొందరు అనవచ్చును. ఆ మాటను మేము అబద్ధమనము. దీనికి సంబంధించిన ఒక పరిశోధన 2012లో అమెరికాలో వెలువడినది. కీళ్ళవాతము గల కుక్కలలో కొన్నిటికి మందు లేని ఉత్త మాత్రలనే ఇచ్చి, కుంటు తగ్గినదా అని యజమానులను, వైద్యులను అడిగినారు. తగ్గినదని పెక్కుమంది చెప్పినారు. కుక్క అడుగు వేయు బలమును కొలుచు యంత్రము మాత్రము ఏ మార్పును చూపలేదు. మంత్రమునకు లొంగినది కుక్క కాదు, ప్రేమతో చూచు మన కన్ను. పైగా కీళ్ళ నొప్పి ఒకనాడు ఎక్కువగా, ఒకనాడు తక్కువగా ఉండును. ఎక్కువైన నాడు మందు వేయుదుము, తగ్గిన నాడు మందును పొగడుదుము.

ఈ సందర్భమున మా ఇంట జరిగిన ఒక సంగతి చెప్పక తప్పదు. కొన్నేండ్ల క్రిందట మా ఇంట ఒక పిల్లి ఉండెడిది. గోడ మీద నుండి తప్పుగా దూకి కాలు బెణికి, మూలుగుచు మంచము క్రింద చేరినది. ఆదివారము సాయంకాలము. మరునాడు ఆసుపత్రికి పోవచ్చునని అనుకొని, అప్పటికి నొప్పి తగ్గవలెనని, ఇంటిలో ఉన్న పారాసిటమాల్ బిళ్ళను సగము విరిచి పాలలో కలిపి పోసితిమి. పసిపిల్లలకు ఇచ్చు మందే గదా, ఏమి కీడు చేయునని మా తలంపు. రాత్రికి దాని మొగము వాచినది. చిగుళ్ళు గోధుమరంగుకు తిరిగినవి. ఊపిరి ఎగబోసినది. తెల్లవారుజామున చచ్చిపోయినది.

తరువాత పశువైద్యుడు చెప్పగా తెలిసినది. ఆ మందును విరుగగొట్టి బయటికి పంపు శక్తి మనిషి కాలేయమునకు కలదు, పిల్లి కాలేయమునకు లేదు. విరుగని మందు విషమై రక్తములోని ఎఱ్ఱకణములను చెరచి, ప్రాణవాయువును మోయనీయదు. వెంటనే తీసుకొనిపోయి ఉన్నచో విరుగుడు మందు కలదట. మేము చేసినది దయతో చేసిన పనియే. ఎద్దుకు వాత పెట్టిన రైతు చేసినదియు దయతో చేసిన పనియే. ఆ రైతును గూర్చి మాటలాడునప్పుడు మా గొంతు కొంత తగ్గుటకు కారణము ఇదియే.

కనుక ఇంటిలోని మందుల డబ్బాను జంతువులకు దూరముగా ఉంచుడు. పారాసిటమాల్ పిల్లికి ప్రాణాంతకము. ఐబుప్రొఫెన్ కుక్క కడుపులో పుండ్లు పుట్టించి మూత్రపిండములను చెరచును. ప్రకృతి వైద్యమను పేర వచ్చునవన్నియు సాధువులు కావు. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణములకును, పిల్లి రక్తకణములకును చెరుపు చేయును. నొప్పికని పూయు కొన్ని సుగంధ తైలములను పిల్లి నాకినచో ప్రమాదము. పేరు, కూర్పు తెలియని పొడులలో స్టెరాయిడు కలిసియుండవచ్చును. వైద్యుడిచ్చిన నొప్పి మందుతోబాటు అట్టి పొడి పడినచో కడుపులో పుండు పడి రక్తము కారును.

ఇక రెండు వైద్యములను కలుపుట అను ప్రశ్నకు వత్తము. విశాఖపట్నము నేడు ఎడ్లబండ్ల ఊరు కాదు. ఉక్కు కర్మాగారమునకు 1971లో పునాది పడినది, 1992లో అది జాతికి అంకితమైనది. దేశపు నలుమూలల నుండి ఉద్యోగులు వచ్చినారు. క్వార్టర్లు, తరువాత అంతస్తుల మేడలు లేచినవి. వానిలో కాపలా కొరకు కాక తోడు కొరకు కుక్కలు చేరినవి. 1977లో జంతు ప్రదర్శనశాల తెరువబడినది. సర్కసులలో సింహములను, పులులను ఆడించుట నిషిద్ధమైన తరువాత, అచ్చటినుండి విడిపించిన మృగములకు దానిని ఆనుకొని ఒక ఆశ్రయము ఏర్పడినది. వీధి జంతువుల సంరక్షణకై 1996లో విశాఖ జంతు సంరక్షణ సంఘము వెలసినది. జంతువులు ఇట్లు ముసలితనము వరకు బ్రతుకుట కొత్త సంగతి. ఎద్దు ముసలిదయినచో సంతకు పోయెడిది. కుక్క మన ఇంటనే ముసలిదగుచున్నది. అందుచేత కీళ్ళ నొప్పి మన కండ్ల యెదుటికి వచ్చినది.

ఈ నొప్పిని ఒక్క మందుతో కాక పలు మార్గముల నుండి ఒక్కసారి ఎదుర్కొనవలెనని నేటి పశువైద్యము చెప్పుచున్నది. ప్రతి మార్గము కొంత భారము మోసినచో ఏ ఒక్క మందును ఎక్కువ మోతాదున వాడవలసిన పని ఉండదు. ఇందు మొదటిది వైద్యుని పరీక్ష. కుంటుటకు కారణము కీలా, ఎముకా, గోరా, వెన్నా, లేక కంతియా తెలియక ఏ చికిత్సయు చేయరాదు. రెండవది, రక్తపరీక్ష చేసి మూత్రపిండములు, కాలేయము బాగున్నవని చూచిన పిమ్మట వైద్యుడు వ్రాసిన మందు. మూడవది బరువు. అమెరికాలో 48 లాబ్రడార్ కుక్కపిల్లలను జతలు జతలుగా విడదీసి, జతలో ఒకదానికి రెండవదానికన్న నాల్గవ వంతు తక్కువ తిండి పెట్టి, అవి చనిపోవు వరకు గమనించినారు. 2002లో ఫలితము వెలువడినది. తక్కువ తిన్న కుక్కలు దాదాపు రెండేండ్లు ఎక్కువ బ్రతికినవి. కీళ్ళవాతము వానికి ఆలస్యముగా వచ్చినది. ఇంతటి మేలు చేసిన ఆకుపసరు గాని, సూదిమందు గాని మేమెరుగము. ఇందుకు ఖర్చు లేదు. అయినను చేయుట కష్టము, ఏలయన అన్నము పెట్టుటయే మన ప్రేమకు భాష.

నాల్గవ స్థానమున మన అవ్వల కాపడము వచ్చును. పాత కీళ్ళ నొప్పికి, చేతికి ఓర్చుకొనగల వేడితో, పది నిమిషములు కాపడము పెట్టవచ్చును. వావిలాకు వేసిన నీరైనను, ఉత్త నీరైనను వేడి గుణము వేడిదే. అప్పుడే తగిలి వాచిన చోట వేడి పనికిరాదు, చల్లదనము కావలెను. మెత్తని పరుపు, జారని నేల, మెట్లకు బదులు ఏటవాలు పలక, ఎండ ఎక్కకముందు కొద్దిపాటి నడక ఈ వరుసలోనివే. చేపనూనెలోని కొవ్వు ఆమ్లములు కుక్కల కీళ్ళ వాపును కొంత తగ్గించునని పరీక్షలు చెప్పుచున్నవి. చేపల రేవు గల ఊరివారికి ఇది వింత కాదు. అయితే ఎంత ఇవ్వవలెనో వైద్యునే అడుగవలెను, ఎక్కువైనచో విరేచనములు పట్టుకొనును. సూదుల చికిత్స, మర్దన వీని తరువాతివి.

మా ఇంట ఇప్పుడున్న ముసలి కుక్కకు ఈ క్రమమే నడచుచున్నది. వైద్యుడు మెలాక్సికాం వ్రాసినాడు. మేము తిండి తగ్గించితిమి. మా ఇంటి పెద్దావిడ సాయంకాలము వావిలాకు నీళ్ళతో కాపడము పెట్టును. ఆ సంగతి వైద్యునికి చెప్పగా ఆయన నవ్వి, వేడి చూచుకొమ్మన్నాడు. చెప్పకుండ దాచి ఉన్నచో నవ్వుటకు బదులు కోపపడెడివాడే. ఏ పసరు ఇచ్చినను, ఏ పొడి కలిపినను వైద్యునికి చెప్పుట మొదటి నియమము. ఆయన మందును చెప్పకుండ ఆపివేయకుండుట రెండవది.

మూడవ నియమము చూచుట. కుక్క, పిల్లి నొప్పిని చెప్పవు, పైగా దాచుకొనును. 2019లో కెనడాలో పిల్లి మొగమును చూచి నొప్పిని కొలుచు పద్ధతి నొకదానిని తయారుచేసినారు. చెవులు ప్రక్కలకు వ్రాలుట, కన్నులు సగము మూయుట, మూతి బిగియుట, మీసములు ముందుకు నిగుడుట, తల భుజముల క్రిందికి దిగుట నొప్పికి గుర్తులు. కుక్కలో కూర్చుండి లేచుటకు ఆలస్యము, ఒకే చోట నాకుకొనుట, పిలిచినచో రాకుండుట, ముట్టినచో గుఱ్ఱుమనుట చూడవలెను. వయసు మీరినది గదా అని ఈ గుర్తులను కొట్టివేయరాదు. వయసు రోగము కాదు, నొప్పి వయసులో భాగము కాదు. దినమునకు ఒక వరుస చొప్పున ఒక పుస్తకములో ఎన్ని మెట్లు ఎక్కినదో, ఎంత దూరము నడచినదో వ్రాసి ఉంచుడు. మందు పనిచేసినదా లేదా అనునది మన ప్రేమ చెప్పదు, ఆ పుస్తకము చెప్పును.

మంచము క్రింద మూలిగిన ఆ పిల్లికి నొప్పి కలదని ఆనాడు మాకు తెలియును. దానికి ఏ మందు పనికిరాదో తెలియదు. మన రైతుకును, ఇంగ్లీషు గుఱ్ఱపు వైద్యునికిని, హైదరాబాదు సంఘమునకును, డైక్లోఫెనాక్ ఇచ్చినవారికిని ఉన్న కొరత ఇదియే. వినుచున్న ఇండ్లలో నేడు కుంటుచున్న కుక్క ఏదైన ఉన్నచో, రేపటి ఉదయము దానిని పశువుల ఆసుపత్రికి నడిపించుడు. కాపడము నీళ్ళు సాయంకాలమునకు కాచుకొనవచ్చును.